ముందు టేపు, తర్వాత లెన్సు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం ఉదయం, కొత్తగా కెమెరా కొన్నవాళ్ల కోసం జరిగిన సభలో ఒక ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కెమెరాలు సంచుల్లోంచి తీసి ఒళ్లో పెట్టుకోండి. మధ్యమధ్యలో వాటితో పని పడుతుంది.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో హాలు ఎన్ని అడుగులు ఉంటుంది? టీవీ ఉన్న గోడ నుంచి ఎదురు గోడ దాకా. పన్నెండు. పది. అమ్మా, మీరు? పద్నాలుగు. సరే, ఆ అంకె మనసులో పెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ అడుగుతాను.

మీరు ముందుగా రాసిచ్చిన ప్రశ్నలు నిన్న రాత్రి కూర్చుని చదివాను. ఎక్కువమంది అడిగింది ఒకటే. "కెమెరాతో పాటు 18-55 లెన్సు వచ్చింది. ఆర్నెల్లుగా వాడుతున్నాను. అందరూ 50 ఎం.ఎం. ప్రైమ్ కొనమంటున్నారు. కొనమంటారా?" ప్రైమ్ అంటే జూమ్ లేకుండా ఒకే నంబరున్న లెన్సు. కెమెరాతో పాటు వచ్చే 18-55నే కిట్ లెన్సు అంటాం. 50 కొనమని అందరూ ఎందుకంటున్నారో నాకు తెలుసు. అది చవక, తేలిక, చీకట్లో బాగా పనిచేస్తుంది, మనిషి వెనకాల ఉన్నదంతా మెత్తగా కరిగిపోతుంది. అన్నీ నిజాలే. అయినా మీరు నిలబడే దూరం ఎంతో తెలియకుండా నేను ఆ ప్రశ్నకు అవునని చెప్పలేను. ఎందుకో చెబుతాను.

మా నాన్నగారికి నల్లకుంటలో చిన్న స్టూడియో ఉండేది. నేను బ్లాక్ అండ్ వైట్ రీలు కడగడం అక్కడే నేర్చుకున్నాను. ఆయన ఫిల్మ్ కెమెరాకు ఎప్పుడూ ఉండేది 50 ఎం.ఎం. లెన్సే. పాస్‌పోర్టు ఫొటో తప్ప మిగతా పనంతా, పెళ్లిచూపుల ఫొటోల నుంచి స్కూలు గ్రూపుల దాకా, దాంతోనే జరిగిపోయేది. నా కంటికీ చేతికీ ఆ లెన్సు అలవాటైపోయింది. గదిలోకి అడుగు పెట్టగానే ఎక్కడ నిలబడితే ఎవరెవరు ఫ్రేములో పడతారో, కెమెరా కంటికి ఆనించకముందే తెలిసిపోయేది.

2009లో నేను మొదటి డిజిటల్ కెమెరా కొన్నాను, క్యానన్ 1000డి. దానికి ఏ ఆలోచనా లేకుండా, వెలుతురు ఎక్కువ రానిచ్చే ఎఫ్ 1.8 రకం 50 ఎం.ఎం. తీసుకున్నాను. నాన్న వాడిన నంబరే కదా అనుకున్నాను. ఆ వారంలోనే మా అక్క మనుమరాలి తొట్టెల. రాంనగర్‌లో పది బై పన్నెండు గది. కిట్ లెన్సు ఇంట్లోనే వదిలేసి, కొత్త లెన్సు ఒక్కటే తగిలించుకుని వెళ్లాను. తొట్టెల ఒక గోడ వైపు కట్టారు. దాని వెనక మా అక్క, బావ, పాప తల్లి, తండ్రి, అటు వాళ్ల అమ్మమ్మ. నేను ఎదురు గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. నాకూ వాళ్లకూ మధ్య ఎనిమిది అడుగులు ఉంటుందేమో. కెమెరాలో చూస్తే పాప, పాప తల్లి మాత్రమే ఉన్నారు. అక్క భుజం దగ్గర తెగిపోయింది. వెనక్కి జరగడానికి గోడ. తలుపులోంచి బయటికి వెళ్లి చూస్తే తలుపు చట్రం అడ్డు. చివరికి బావ ఫోను తీసుకుని అందరినీ కలిపి ఒక ఫొటో తీశాను. మా ఇంట్లో ఆల్బమ్‌లో ఉన్నది ఆ ఫోను ఫొటోయే. పాపవి ఒంటరిగా తీసినవి చక్కగా వచ్చాయి. అందరూ కలిసి ఉన్నది మాత్రం కెమెరాతో ఒక్కటీ లేదు.

ఆ రాత్రి టేపు తీసుకుని మా ఇంట్లో గదులన్నీ కొలిచాను. నా లెన్సుల చదువు అసలు అప్పుడే మొదలైంది.

జరిగింది ఏమిటంటే, నాన్న కెమెరాలో ఫిల్మ్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. నా 1000డిలో ఫిల్మ్ బదులు వెలుతురును పట్టే సెన్సార్ వెడల్పు దాదాపు 22. ఇవాళ మీ ఒళ్లో ఉన్న క్యానన్ 1500డి, 200డి, ఆర్50 అన్నీ అంతే, 22.3. నికాన్ డి3500, డి5600 వాళ్లకు కాస్త ఎక్కువ, 23.5. లెన్సు అదే, అది వేసే బొమ్మా అదే. ఆ బొమ్మలో మధ్య ముక్కను మాత్రమే సెన్సార్ తీసుకుంటుంది, చుట్టూ ఉన్నది వదిలేస్తుంది. దీన్నే క్రాప్ సెన్సార్ అంటాం. 50 ఎం.ఎం. ఫిల్మ్ మీద చూపించిన ప్రపంచాన్ని మన కెమెరా మీద చూపించాలంటే నికాన్‌లో 33, క్యానన్‌లో 31 ఎం.ఎం. ఉండాలి.

50కి అంత పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1925లో వచ్చిన మొదటి లైకా కెమెరాకు బిగించి ఇచ్చింది 50 ఎం.ఎం. లెన్సే. ఆ ఫిల్మ్ ఫ్రేము ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 43 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ కొలతకు దగ్గరగా ఉండే లెన్సును నార్మల్ లెన్సు అంటారు. అది దగ్గరికి లాగినట్టూ అనిపించదు, దూరం నెట్టినట్టూ అనిపించదు. హెన్రీ కార్టియే-బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా వాడింది 50నే. కాబట్టి ఆ పేరు ఉత్తినే రాలేదు. కానీ ఆ పేరు ఆ ఫిల్మ్ కొలతకు వచ్చింది. మన సెన్సార్‌ను మూల నుంచి మూలకు కొలిస్తే క్యానన్‌లో 27, నికాన్‌లో 28 మిల్లీమీటర్లు. మనకు నార్మల్ లెన్సు 28కి అటూ ఇటూ అన్నమాట. పేరు పాత కెమెరాది, డబ్బు మాత్రం కొత్త కెమెరాకు పెడుతున్నాం. అదే నన్ను దెబ్బకొట్టింది.

ఇప్పుడు మీ అంకెలు బయటికి తీయండి. ఒక చిన్న లెక్క చెబుతాను, ఫోన్లో కాలిక్యులేటర్ తెరవండి. ఫ్రేములో ఎన్ని అడుగుల వెడల్పు పట్టాలో ఆ అంకెను లెన్సు నంబరుతో గుణించండి. వచ్చినదాన్ని క్యానన్ వాళ్లు 22తో, నికాన్ వాళ్లు 23.5తో భాగించండి. మీరు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో వస్తుంది. అంతే.

అయిదారుగురు పక్కపక్కన కూర్చుంటే, అటూ ఇటూ కాస్త ఖాళీతో, పది అడుగులు అనుకుందాం. క్యానన్ మీద 50 అయితే ఎంత వచ్చింది? అవును, 22 అడుగులకు పైనే. మీలో ఎవరి హాలు 22 అడుగులు? ఒక్కరు. మీరు ఎక్కడుంటారండీ? సొంత ఇల్లా, పాత ఇల్లా... సరే, మీరు నిశ్చింతగా 50 కొనుక్కోవచ్చు. నికాన్ మీద 35 అయితే 15 అడుగులు. క్యానన్ మీద 24 అయితే 11 అడుగులు. పన్నెండు అడుగుల హాలు అన్నవాళ్లు, మీకు గోడకు ఆనుకుని కాస్త ఊపిరి తీసుకునే చోటు మిగులుతుంది.

దీన్నే తిప్పి కూడా వేసుకోవచ్చు. తొట్టెల నాడు నాకున్నది ఎనిమిది అడుగులు. 50తో పట్టే వెడల్పు మూడున్నర అడుగులు. తల్లీ బిడ్డా, అంతే. 24 ఉంటే ఏడున్నర. ఇంట్లో వదిలేసి వచ్చిన కిట్ లెన్సును 18 దగ్గర పెట్టి ఉంటే దాదాపు పది అడుగులు, అందరూ పట్టేవాళ్లు. ఆ లెక్క వేసినప్పుడు చాలా బాధపడ్డాను. మనకు ఊరికే వచ్చిందని ఆ కిట్ లెన్సును తక్కువగా చూస్తాం.

ప్రైమ్ గురించి మాట్లాడేవాళ్లు "నాలుగు అడుగులు ముందుకో వెనక్కో వేయండి, జూమ్ ఎందుకు" అంటారు. బయట మైదానంలో ఆ మాట నిజం. గోల్కొండ కోటలో, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మీ ఇష్టం వచ్చినంత వెనక్కి నడవండి. ఈ ఊళ్లోనే 1880లలో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టుకుని, ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్‌గా, పెద్దపెద్ద గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఆయన కాలానికి ఫొటో కెమెరాకు జూమ్ లెన్సు అనేదే లేదు. 35 ఎం.ఎం. కెమెరాకు మార్కెట్లోకి వచ్చిన మొదటి జూమ్ 1959లో వచ్చింది. దీన్‌దయాళ్ 1905లోనే కన్నుమూశారు. ఆయన తీసిన ప్రతి దర్బారు ఫొటో వెనకా త్రిపాదిని ఎక్కడ నిలబెట్టాలన్న ఆలోచన ఉంది. కానీ ఆయనకు దర్బారు హాళ్లున్నాయి, రాజభవనాల వాకిళ్లున్నాయి. మనకు రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అందుకే టేపు.

అయితే ఏ లెన్సు మనదో టేపు ఒక్కటే చెప్పదు. మీ పాత ఫొటోలు చెబుతాయి. ఇది మీరు ఇంటికి వెళ్లి తప్పకుండా చేయాలి, పైసా ఖర్చు లేదు. కంప్యూటర్లో మీరు తీసిన ఏ ఫొటో మీదైనా వివరాలు తెరిస్తే ఫోకల్ లెంత్ అని ఒక అంకె కనిపిస్తుంది, మనం లెన్సు నంబరు అంటున్నది అదే. మీకు నచ్చిన ఫొటోలు, ఇంట్లోవాళ్లు ప్రింటు వేయించమన్నవి, ఒక వంద తీసి ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. 18, 18, 21, 24, 35, 55. ఎక్కడ గుంపు కడుతున్నాయో చూడండి.

ఉప్పల్ నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేది. 1500డి ఉంది, చెల్లెలి పెళ్లికి ముందు 50 కొనాలని డబ్బు దాచుకుంది. తన ఫొటోలు ఇద్దరం కూర్చుని చూశాం. సగానికి పైగా 18కీ 24కీ మధ్యే ఉన్నాయి. హల్దీ, గోరింటాకు, వంటింట్లో పెద్దవాళ్లు, ఇరుకు మెట్ల మీద పిల్లలు. తన కన్ను అలా చూస్తుంది, అందరినీ కలిపి చూస్తుంది. ఆ అమ్మాయి 50 తీసుకుని ఉంటే లెన్సు మంచిదే, కానీ తన ఫొటోలు తనవి కాకుండా పోయేవి. 24 తీసుకుంది. మొన్న బోనాలకు తీసిన ఫొటోలు చూపించింది. బోనం ఎత్తుకున్న తల్లి ముఖం, ఆమె వెనక గల్లీ మొత్తం, మేడ మీంచి చూస్తున్న జనం, అన్నీ ఒకే ఫ్రేములో ఉన్నాయి.

ఇంకో పని కూడా చేయండి. కిట్ లెన్సు జూమ్ రింగును 24 దగ్గర పెట్టి, కదలకుండా చిన్న ప్లాస్టర్ ముక్క అతికించండి. ఒక వారం అలాగే తీయండి. తర్వాతి వారం 35 దగ్గర, ఆ తర్వాత 50 దగ్గర. ఏ వారంలో మీకు ప్లాస్టర్ పీకేయాలనిపించలేదో ఆ నంబరు మీది. అన్ని ఫొటోలూ 18 దగ్గరే గుంపు కట్టాయనుకోండి, మీరు ఇప్పుడు ప్రైమ్ కొనకండి. మీకు కావాల్సింది వేరే. బహుశా ఒక చిన్న ఫ్లాష్ కొని, తెల్లని స్లాబు వైపు తిప్పి కొట్టడం నేర్చుకుంటే మీ గదులు వెలుగుతాయి. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇక వెలుతురు. ప్రైమ్ కొనడానికి దూరం తర్వాత వచ్చే కారణం ఇది, చిన్న కారణమేమీ కాదు. కిట్ లెన్సును 55 దాకా తిప్పితే అపెర్చర్, అంటే లోపల వెలుతురు వచ్చే కంత, ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు; ఎఫ్ అంకె చిన్నదైతే కంత పెద్దదన్నమాట. 55ని 5.6తో భాగించండి, దాదాపు పది మిల్లీమీటర్లు. లెన్సు ముందు నుంచి చూస్తే లోపల కనిపించే కంత చొక్కా గుండీ అంత. 50ని 1.8తో భాగించండి, దాదాపు 28. పది రూపాయల నాణెం అంత. ఆ గుండీలోంచి వచ్చే వెలుతురుకూ ఈ నాణెంలోంచి వచ్చే వెలుతురుకూ తేడా దాదాపు పది రెట్లు.

పది రెట్లంటే ఏమిటో బతుకమ్మ ఆడేటప్పుడు తెలుస్తుంది. కాలనీ కూడలిలో రెండు వీధిదీపాలు, పైన సీరియల్ లైట్లు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటారు. కిట్ లెన్సుతో ఐఎస్ఓ, అంటే వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 6400 పెట్టినా షట్టర్ 60వ వంతు సెకనుకే ఆగుతుంది. చేతులన్నీ చెరిగిపోతాయి. ఎఫ్ 1.8 లెన్సు పెడితే అదే ఐఎస్ఓలో 500వ వంతుకు వెళ్లొచ్చు. చప్పట్ల మధ్య చేతులు గాల్లో ఆగినట్టు వస్తాయి. లేదూ, 125 చాలనుకుంటే ఐఎస్ఓ 1600కి దించుకోండి, చీరల రంగులు ఆ చుక్కచుక్కల గరుకు లేకుండా వస్తాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు. షట్టర్ మరీ వేగంగా పెడితే ఒక ఫొటో వెలుతురుగా, పక్క ఫొటో మసకగా, కొన్నిసార్లు సగం ఫొటోలో పచ్చటి పట్టీ వస్తుంది. కెమెరా పాడైందని భయపడి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఏమీ పాడవలేదు. ఫంక్షన్ హాల్లో అలా కనిపిస్తే షట్టర్‌ను 100వ వంతుకు దించండి, సరిపోతుంది.

ఇక్కడ క్యానన్ వాళ్లకు ఒక నిజం చెప్పకపోతే తప్పవుతుంది. గదికి సరిపోయే 24 ఎం.ఎం. అన్నాను కదా, ఆ చిన్న లెన్సు ఎఫ్ 2.8 వరకే తెరుచుకుంటుంది. కిట్ లెన్సు 24 దగ్గర ఎఫ్ 4 ఇస్తుంది. అంటే వెలుతురు రెట్టింపు మాత్రమే. పది రెట్లు అనుకుని కొంటే నిరాశపడతారు. 2014లో వచ్చిన లెన్సు అది, 125 గ్రాములు, బిస్కెట్టంత పలచన. కెమెరాకు తగిలించినా చిన్న సంచిలో పడుతుంది, ఎవరూ బెదరరు. పదహారు సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ అవుతుంది, ఇంట్లో ముగ్గుల నుంచి భోజనం పళ్లెం దాకా తీయొచ్చు. గది, వెలుతురు రెండూ కావాలనే క్యానన్ వాళ్లకు సిగ్మా 30 ఎం.ఎం. ఎఫ్ 1.4 ఉంది. బరువు ఎక్కువ, ధరా ఎక్కువ, కానీ ఆ లెన్సు పెట్టుకున్నవాళ్లు వేరేది అడగడం నేను చూడలేదు.

నికాన్ వాళ్ల దారి సులువు. 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 డీఎక్స్, అంటే నికాన్ క్రాప్ సెన్సార్ కెమెరాల కోసం చేసింది, 2009 నుంచి ఉంది, 200 గ్రాములు. గదికి ఫర్వాలేదు, వెలుతురుకు చాలా మంచిది. డి3500 చేతిలో ఉన్నవాళ్లు అడిగితే నేను ఇంకో మాట ఆలోచించకుండా ఆ లెన్సే చెబుతాను. పాత ఫిల్మ్ రోజుల 50కి మన కెమెరా మీద నిజమైన వారసురాలు అదే.

అయితే నికాన్ వాళ్లు జాగ్రత్తగా వినాల్సిన సంగతి ఒకటుంది. డి3000, డి5000 వరుసల కెమెరాల్లో లెన్సును తిప్పే మోటార్ బాడీలో ఉండదు. లెన్సులోనే మోటార్ ఉండాలి. 50 ఎం.ఎం. ఎఫ్ 1.8లో పాత డి రకం ఒకటుంది, దానికి మోటార్ లేదు. కొత్తది జి రకం, పేరు ముందు ఏఎఫ్-ఎస్ అని ఉంటుంది, దానికి మోటార్ ఉంది. నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి తన మొదటి జీతంతో ఒక దుకాణంలో డి రకం కొన్నాడు. అక్కడివాళ్లు చెప్పలేదు, ఇతనికి అడగాలని తెలియదు. ఇంటికొచ్చి ఎంత నొక్కినా ఫోకస్ కదలలేదు. చేత్తో తిప్పుకుని, లోపల పచ్చచుక్క వెలిగేదాకా చూసి తీయొచ్చు, పెద్దవాళ్ల ఫొటోలకు ఫర్వాలేదు. కానీ పాకే పిల్లాణ్ని అలా తీయలేం. అంగట్లో గుర్తుపట్టే పద్ధతి చెబుతాను. లెన్సు వెనక భాగంలో 22, 16, 11, 8 అని అంకెలు చెక్కిన రింగు ఉంటే అది డి. ఆ రింగు లేకపోతే జి. డబ్బు చేతులు మారకముందే మీ బాడీకి తగిలించి, షట్టర్ సగం నొక్కి చూడండి.

50ని నేను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. నా సంచిలో ఇప్పటికీ ఉంది. దాన్ని డాబా మీదికి తీసుకెళ్లండి. సాయంత్రం అయిదున్నరకు, నీళ్ల ట్యాంకు నీడలో, మీ అమ్మగారిని కూర్చోబెట్టండి. మీరు ఏడడుగుల దూరంలో కూర్చుని కెమెరా నిలువుగా పట్టుకోండి. తల నుంచి నడుము దాకా వస్తారు. వెనకాల ఇరవై అడుగుల దూరంలో పిట్టగోడ, దాని అవతల వేపచెట్టు అన్నీ కరిగిపోతాయి. ఆ దూరంలో ముఖం ముఖంలా ఉంటుంది. ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా రావడం లెన్సు తప్పని చాలామంది అనుకుంటారు. అది దగ్గరగా వెళ్లడం వల్ల వచ్చేది. 24తో ముఖం నిండుగా రావాలని రెండడుగుల దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది. 50 మిమ్మల్ని అయిదారు అడుగుల దూరంలో ఆపుతుంది, అందుకే ముఖానికి అది మేలు చేస్తుంది. ఒక్క మనిషిని, ఒక్క ముఖాన్ని తీయడం ఇష్టమైనవాళ్లు, ఆరుబయట తీసేవాళ్లు, మీ కాగితం మీద అంకెలు 45, 55 దగ్గర గుంపు కట్టినవాళ్లు ధైర్యంగా 50 కొనండి.

కొన్న మొదటి రోజే మీకు ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. ఎఫ్ 1.8 పెట్టి అయిదడుగుల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లు. మూడడుగుల నుంచి తీస్తే మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. కన్ను స్పష్టంగా ఉంటుంది, చెవి ఉండదు. మనిషి కాస్త తల వంచితే దగ్గరి కన్ను ఉంటుంది, అవతలి కన్ను పోతుంది. లెన్సు బాగోలేదని వెనక్కి ఇవ్వడానికి వెళ్తారు. ఫోకస్ పాయింట్లన్నీ కెమెరాకే వదిలేయకుండా మధ్య పాయింటు ఒక్కటే ఎంచుకోండి, దాన్ని మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. కంతను ఎఫ్ 2.8 దాకా చిన్నది చేయండి, ఫొటో ఇంకా పదునుగా వస్తుంది, వెనకాల ఇంకా మెత్తగానే ఉంటుంది. ముందు వరుస, వెనక వరుస ఉన్న గ్రూపును ఎఫ్ 1.8లో తీయనే వద్దు. పది అడుగుల దూరంలో కూడా స్పష్టమైన లోతు పావు మీటరే. ఎఫ్ 4 పెడితే అర మీటరు దాటుతుంది, రెండో వరుసలో పెదనాన్నగారి ముఖం కూడా వస్తుంది. లెన్సుకు పెద్ద కంత ఉంది కదా అని ఎప్పుడూ తెరిచే ఉంచనక్కర్లేదు.

ఇంతకీ లాడ్ బజార్ సంగతి ఎవరో రాశారు. అక్కడ గాజులవాళ్ల ఫొటోలు తీయాలని. మంచి కోరిక. బల్లకు ఇటు మీరు, అటు ఆయన, మధ్య నాలుగడుగులు. 50తో రెండడుగుల లోపే పడుతుంది. ముఖం, లేకపోతే లక్కను కాలుస్తున్న చేతులు, ఏదో ఒకటే. 24తో దాదాపు నాలుగడుగులు పడుతుంది. ముఖం, చేతులు, ముందున్న గాజుల వరుసలు అన్నీ ఒక కథలా వస్తాయి. నేనైతే అక్కడికి 24 తీసుకెళ్తాను. ముందు ఆయనతో మాట్లాడి, అడిగి, తర్వాత తీస్తాను.

కోఠిలో కెమెరా దుకాణాలుండే గుజరాతీ గల్లీలో పాత లెన్సులు కొనొచ్చా అని అడిగినవాళ్లకు. సెకండ్ హ్యాండ్ కొనండి, నేనూ కొంటాను. కంపెనీలు ఇప్పుడు అద్దం లేని కెమెరాల మీదికి మళ్లాయి కాబట్టి 1500డి, డి3500 లాంటి అద్దమున్న కెమెరాల లెన్సులు మంచివి చేతులు మారుతున్నాయి. ధరలు నేను చెప్పను, నెలనెలా మారతాయి, నాలుగు చోట్ల అడగండి. ఫోను టార్చి వేసి లెన్సు వెనక నుంచి వెలుతురు పంపి ముందు నుంచి చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి. సాలెగూడులా, చెట్టు వేళ్లలా తెల్లటి తీగలు కనిపిస్తే అది బూజు, ఫంగస్. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. వెనక అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులు అరిగిపోయాయా చూడండి. ఒకసారి దగ్గరి వస్తువు మీద, ఒకసారి గల్లీ చివర బోర్డు మీద ఫోకస్ చేయించండి. మీ మెమరీ కార్డులో అయిదు ఫొటోలు తీసుకుని, చాయ్ తాగుతూ పెద్దవి చేసి చూసి, అప్పుడు బేరం ఆడండి.

ప్రశ్నలు అడగండి.

(సభలో ఒక యువకుడు: సార్, నాది క్యానన్ ఆర్50. పాత ఈఎఫ్ లెన్సు కొంటే పనికొస్తుందా?)

వస్తుంది బాబూ. క్యానన్ వాళ్లదే అడాప్టర్ ఉంది, అది మధ్యలో పెడితే అద్దమున్న కెమెరాల కోసం చేసిన పాత ఈఎఫ్ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. తిరగేసి మాత్రం కుదరదు, ఆర్50 లాంటి అద్దం లేని కెమెరాల ఆర్ఎఫ్ లెన్సు 1500డికి ఎక్కదు. అడాప్టర్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకో. ఆర్50కి నేరుగా ఎక్కేవాటిలో ఆర్ఎఫ్ 28 ఎం.ఎం. ఎఫ్ 2.8 ఉంది, పలచటిది. పది అడుగుల వెడల్పుకు పదమూడు అడుగుల లోపే నిలబడితే చాలు. మీ హాలు ఎంతన్నావు? పద్నాలుగా? సరిగ్గా నీ కోసమే.

(ఒక మహిళ: మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది సార్. స్టేజీ మీద ప్రోగ్రాములకు 50 చాలా?)

ఎంత దూరంలో కూర్చుంటారమ్మా? ముప్పై అడుగులా? అయితే 50తో పదమూడు అడుగుల వెడల్పు వస్తుంది, పాప చిన్నగా కనిపిస్తుంది. మీరు 85 ఎం.ఎం. ఎఫ్ 1.8 వైపు చూడండి. ముప్పై అడుగుల నుంచి ఎనిమిది అడుగులు పడుతుంది. కెమెరా నిలువుగా పట్టుకుంటే పాదం నుంచి పైకెత్తిన చేతి దాకా నిండుగా వస్తుంది. షట్టర్ 250 తగ్గనివ్వకండి, జతులు వేసేటప్పుడు ఇంకా పెంచండి. ఇంట్లో ఆ లెన్సు పనికిరాదు, కిట్ లెన్సు పక్కనే ఉంచుకోండి. మొదటి ప్రైమ్ అందరికీ ఇంటి కోసమే కావాలని లేదు. మీకు పాప నాట్యం ముఖ్యం, కాబట్టి మీ టేపు స్టేజీ దగ్గర మొదలవ్వాలి.

(ఒక పెద్దాయన: వానాకాలంలో బూజు పట్టకుండా ఏం చేయాలి?)

గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. రంగు మారే రకం కొనండి, రంగు మారితే తేమ పట్టినట్టు. వానలో వాడి తడిసిన లెన్సును వెంటనే తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, వారానికి ఒకసారైనా బయటికి తీసి వాడండి. చీకటి, తేమ, కదలిక లేకపోవడం, ఈ మూడూ కలిస్తే బూజు తొందరగా పడుతుంది.

సమయం అయిందంటున్నారు. వెనక బల్ల మీద నాలుగు లెన్సులు పెట్టాను. ఎడమ చివరన నికాన్ 35. దాని పక్కన క్యానన్ 24, 50, 85. నేల మీద సున్నంతో ఎనిమిది, పదకొండు, పదిహేను, ఇరవై రెండు అడుగుల దగ్గర గీతలు గీయించాను. మీ మీ కెమెరాలకు తగిలించుకుని ఒక్కో గీత మీద నిలబడి చూడండి. మీ ఇంటి హాలు ఎన్ని అడుగులో ఆ గీత దగ్గరే మొదలుపెట్టండి. వెనక మూత పెట్టకుండా లెన్సును బల్ల మీద ఉంచకండి, దుమ్ము పడుతుంది. పద్నాలుగు అడుగులన్న అమ్మా, మీరు ముందు రండి.